గుమ్మడికాయకి మొదటి గాటు

ప్రశ్నలడగడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. పెళ్ళిచూపుల్లో నన్ను ఎవరూ ఏమీ అడక్కముందే, మా ఆయన్ని పట్టుకుని ‘మీ ఇంట్లో పప్పులో ఇంగువ వేస్తారా’ అని అడిగానట. మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఈ దేశానికొచ్చి పద్నాలుగేళ్ళయినా ఆ జబ్బు తగ్గలేదు సరికదా, అడగడానికి కొత్త కొత్త సంగతులు దొరికాయి. అందులోనూ అక్టోబరు వచ్చిందంటే నా నోటికి తీరిక ఉండదు.

మేము ఫ్రిస్కో నుంచి అరోరాకి మారింది ఆ ఏడాది జూన్‌లో. టెక్సస్‌లో ఉన్నన్నాళ్ళూ ఆకురాలే కాలమంటే ఏసీ వేసుకుని కూర్చుని, గుమ్మం ముందు రెండు గుమ్మడికాయలు పెట్టుకోవడమే. ఇక్కడికొచ్చాకే తెలిసింది ఆకులు నిజంగా రాలతాయనీ, రాలినవి ఎవరో ఒకరు ఊడవాలనీ, ఆ ఎవరో ఒకరు నేనేననీ. ఆగస్టులో మా అత్తయ్య ఆరు నెలలుందామని వచ్చింది. మామయ్యగారు పోయి నాలుగేళ్ళు. ఆవిడకి మాటలు తక్కువ, చూపు ఎక్కువ. నాకు రెండూ ఎక్కువే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

సాయంత్రం పూట చీర మీద స్వెటర్, కాళ్ళకి స్పోర్ట్స్ షూ వేసుకుని ఆవిడ నాతో వాకింగ్‌కి వచ్చేది. వీధిలో ఒక్కొక్క ఇంటి ముందూ ఒక్కొక్క అస్థిపంజరం. ఒకటి కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది, ఒకటి గోడెక్కుతోంది. నేను ఆవిడకి హాలోవీన్ అంటే ఏమిటో చెప్పడానికి గొంతు సవరించుకుంటుంటే, ఆవిడే చల్లగా, “దిష్టిబొమ్మలా? మంచిదే. ఇంతింత ఇళ్ళు కట్టుకుని దిష్టి తీసుకోకపోతే ఎలా” అంది. గుమ్మాల ముందు గుమ్మడికాయలు చూసి ఇంకా సంతోషించింది. “మనం గుమ్మానికి కడతాం, వీళ్ళు కింద పెట్టారు. అంతే తేడా” అని తేల్చేసింది. నేను పద్నాలుగేళ్ళుగా అడిగి అడిగి తెలుసుకున్నదంతా ఆవిడ పావుగంటలో సర్దేసింది. కాస్త కుళ్ళుకున్నాను.

ఇక మా అమ్మాయి సంగతి. తొమ్మిదేళ్ళది, నాలుగో క్లాసు. ఫ్రిస్కోలో దానికి వీధి నిండా స్నేహితులు. ఇక్కడ ఆగస్టు నుంచీ ఒక్కరు లేరు. రోజూ స్కూలు నుంచి రాగానే, “లంచ్‌లో ఎవరి పక్కన కూర్చున్నావే?” అని అడిగేదాన్ని. “ఎవరూ లేరు” అనేది. ఒకరోజు మాత్రం, “అమ్మా, రోజూ అదే అడక్కు” అంది. ఆ రోజు నుంచీ మానేశాను. అడగాల్సిన ప్రశ్న కడుపులో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో నాలాంటివాళ్ళకే తెలుస్తుంది.

అలాంటి పిల్ల అక్టోబరు మొదట్లో ఒకనాడు బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. క్లాసులో ముగ్గురమ్మాయిలని ఇంటికి పిలిచిందట, గుమ్మడికాయలు చెక్కడానికి. ముగ్గురూ వస్తామన్నారట. నన్ను అడక్కుండా పిలిచేశానని భయపడుతూ చెప్పింది. నేను దాన్ని ఎత్తుకుని తిప్పబోయాను గానీ నడుం సహకరించలేదు. అది ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో వాళ్ళొచ్చే శనివారం చుట్టూ నారింజరంగు స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టింది. ఆ తర్వాత రోజుకోసారి దాని మీదే మళ్ళీ చుట్టేది. మూడో రోజుకి కాగితం చిరిగింది.

గుమ్మడికాయలు కొనడానికి దానికి ముందటి శనివారం నలుగురం కారెక్కాం. ఊరు దాటి పడమటికి ఒక ముప్పావు గంట వెళితే ఆపిల్ తోటలు, మొక్కజొన్న చేలు. అక్టోబరులో ఆ పొలాలు పొలాల్లా ఉండవు, తిరనాళ్ళలా ఉంటాయి. స్ట్రోలర్లు, కుక్కపిల్లలు, ఆకుల్లో పడి దొర్లే పిల్లలు, ఆపిల్ సైడర్ గ్లాసులు పట్టుకుని ఫొటోలు దిగే కొత్త జంటలు. ట్రాక్టరు వెనక బండిలో గడ్డి మోపులు వేసి, వాటి మీద జనాన్ని కూర్చోబెట్టి చేను చుట్టూ తిప్పుతారు. దానికి పెద్ద లైను. మా అత్తయ్య ఆ లైను మొదటి నుంచి చివరి దాకా చూసి, “ట్రాక్టరెక్కడానికా ఇంతమంది?” అంది. ఎక్కాక మాత్రం అందరికంటే ముందు కూర్చుంది.

తర్వాత మొక్కజొన్న చేలోకి వెళ్ళాం. మనిషెత్తు చేను మధ్యలో పద్మవ్యూహంలాగా దారులు కోసి ఉంచుతారు, లోపలికి వెళ్ళి బయటపడే దారి వెతుక్కోవాలి. మా ఆయన చేతికి మ్యాపు ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ కదా, దారి నాకు వదిలెయ్యండి అన్నాడు. ఇరవై నిమిషాల్లో ఒకే దిష్టిబొమ్మ దగ్గరికి మూడుసార్లు తీసుకొచ్చాడు. అత్తయ్య ఈలోగా కంకి ఒలిచి గింజ కొరికి చూసి, “పశువులకేసే రకం” అని పారేసింది. నాలుగోసారి దిష్టిబొమ్మ కనబడగానే ఆవిడ ఆగి, తల పైకెత్తి గాలి పీల్చి, “నూనె కాగే వాసన అటునుంచి వస్తోంది, పదండి” అంది. ఆవిడ ముందు, మేము వెనక. అయిదు నిమిషాల్లో సరిగ్గా డోనట్ల కొట్టు ముందు తేలాం.

ఆ పొలాల దగ్గర నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆ డోనట్లే. ఆపిల్ రసంతో పిండి కలిపి, కళ్ళముందే నూనెలో వేయించి, దాల్చినచెక్క పొడీ పంచదారా కలిపిన పళ్ళెంలో దొర్లించి వేడివేడిగా ఇస్తారు. కాగితం సంచికి నూనె మరకలు పడకముందే తినెయ్యాలి. అత్తయ్య ఒకటి తీసుకుని, చిల్లులోంచి వేలు దూర్చి, విరిచి, లోపలి గుల్ల చూసి, “తీపి గారె. పిండి బాగానే పొంగింది, చెక్కపొడే ఎక్కువైంది” అని తీర్పిచ్చింది. తీర్పిస్తూనే మూడు తింది.

గుమ్మడిచేను చివర్లో. అంత దూరం నేలంతా గుమ్మడికాయలే. అత్తయ్య గట్టు మీద నిలబడిపోయింది. “ఇవన్నీ తింటారా?” అంది. తినరనీ, ముఖాలు చెక్కి, దీపం పెట్టి, కుళ్ళాక పారేస్తారనీ చెప్పాను. ఆవిడ బుగ్గ నొక్కుకుంది. ఆ పొలం నడిపే పెద్దావిడ టోపీ పెట్టుకుని అక్కడే నిలబడి ఉంటే, నేను ఊరుకుంటానా, వెళ్ళి పట్టుకున్నాను. ఏది కూరకి బాగుంటుంది, ఏది తీపి, ఎన్నాళ్ళు నిలవుంటుంది అని. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ పెద్దవి చెక్కడానికే, కోస్తే పీచూ నీళ్ళూ, రుచి సున్నా. తినడానికైతే అదిగో, ఆ మూలనున్నవి. ఇంకో మాట కూడా చెప్పింది. ముందే చెక్కొద్దు, గాటు పడ్డాక వారం తిరిగేసరికి కూలబడిపోతుంది.

మూలనున్న వాటిలో అణిగినట్టుండి, గోధుమరంగు తొక్క మీద లోతైన చారలున్న కాయని అత్తయ్య ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో కొట్టి చూసింది. “ఇదీ మన గుమ్మడికాయ” అంది. ఆవిడ మొహం అంత విప్పారడం ఆగస్టు నుంచీ నేను చూళ్ళేదు. పిల్లలకి నాలుగు పెద్దవీ, మాకు ఆ ఒక్కటీ తీసుకున్నాం.

కారు డిక్కీలో సర్దుతుంటే ఆవిడ కొడుకుతో అంది. “ఒరేయ్, వీటికి మొదటి గాటు నువ్వే పెట్టాలి. ఆడవాళ్ళు పెట్టకూడదు.”

“సరేలేమ్మా, శనివారం నేనుంటాగా” అన్నాడు మా ఆయన.

“ఎందుకు పెట్టకూడదు అత్తయ్యా?” అన్నాను.

“పెట్టకూడదంతే” అని కారెక్కి బెల్టు పెట్టుకుంది.

అంతే అన్న మాట నా దగ్గర చెల్లదు. నేను డిక్కీ మూసి, మళ్ళీ ఆ టోపీ ఆవిడ దగ్గరికి వెళ్ళి, మీ ఇంట్లో మొదటి గాటు ఎవరు పెడతారని అడిగాను. ఆవిడ నవ్వి, కత్తి ఎవరికి ముందు దొరికితే వాళ్ళు అంది.

సోమవారం మా ఆయన కాలిఫోర్నియాలో డబ్లిన్‌కి వెళ్ళాడు, క్లయింట్ దగ్గరికి. శుక్రవారం సాయంత్రం ఫ్లైటుకి రావాలి. శుక్రవారం మధ్యాహ్నం ఫోను. “సాఫ్ట్‌వేర్ గో లైవ్ పోస్ట్‌పోన్ అయింది, సండే దాకా ఇక్కడే ఉండాలి. సారీ, బంగారానికి నువ్వే చెప్పు” అన్నాడు. చెప్పాను. నాన్న రాకపోయినా అమ్మాయి పెద్దగా బాధపడలేదు. కూరగాయల బుట్ట సర్దుతున్న అత్తయ్య మాత్రం చేతులు ఆపేసింది.

“అయితే ఆదివారం పెట్టుకోమను. వాడొచ్చాక.”

“సండేకి వాళ్ళు రారు నానమ్మా. సాకర్ ఉంది.”

“పై వారం పెట్టుకోండి.”

“పై వారం హాలోవీన్ అయిపోతది!”

“అయితే కొయ్యకుండా ఆడుకోండమ్మా. రంగులేసుకోండి.”

అమ్మాయి నా వైపు చూసింది. నేను ఏదో అనేలోపే అది ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, చిరిగిన సున్నా వంక ఒకసారి చూసి, మెట్లెక్కి గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. తలుపు ధడాలున వేసినా బాగుండేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు నెలలుగా ఒంటరిగా కూర్చుని తింటున్న పిల్లకి మొదటిసారి ముగ్గురు ఇంటికొస్తుంటే, మధ్యలో ఈ గుమ్మడికాయ గొడవేమిటి? ఆవిడకి చెప్పకుండా నేనే వెనక డెక్ మీదికి తీసుకెళ్ళి కోసెయ్యొచ్చు. కానీ ఆవిడ మొహం చూశాను. పంతం పట్టినవాళ్ళ మొహం కాదది, భయపడ్డ మనిషి మొహం. దేనికి భయమో అర్థం కాలేదు. అర్థం కాకపోతే నేనేం చేస్తానో తెలుసుగా.

రాత్రి భోజనాలయ్యాక గుంటూరులో మా అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారి కాఫీ వేళ. “గుమ్మడికాయంటే బలి కిందే లెక్క. మేకకి బదులు దాన్ని కొడతారు. బలిచ్చే పని మగవాళ్ళది” అంది. సినిమావాళ్ళు షూటింగ్ ఆఖరి రోజున కొట్టేదీ అందుకేనా అంటే, అవునంది. “మరి నువ్వు?” అన్నాను. అమ్మ గొంతు తగ్గించి, “మీ నాన్న ఆఫీసుకెళ్ళాక నేనే కోసుకునేదాన్ని. ఎవరు చూడొచ్చారు” అంది. ఫ్రిస్కో స్నేహితురాలికి చేస్తే, వాళ్ళ ఇచ్ఛాపురం వైపు గుమ్మడికాయ ఇంటికి పెద్దకొడుకుతో సమానమనీ, తల్లి కొడుకుని కోస్తుందా అనీ చెప్పింది. పొద్దున గుడికి ఫోన్ చేసి పూజారిగారిని అడిగాను. ఆయన శనివారం రద్దీలో ఉన్నారు. “మగవాడు ఎవరైనా ఒక గాటు పెడితే చాలమ్మా, వయసుతో పనిలేదు” అని పెట్టేశారు.

మగవాడు ఎవరైనా. అది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. మా పక్కింట్లో రిటైరైన ఒక పెద్దాయన ఒక్కడే ఉంటాడు, వారానికోసారి ఆకుల గురించి మాట్లాడుకుంటాం. వెళ్ళి బెల్లు కొట్టాను. తలుపు తీశాడు. కుడిచెయ్యి మెడకి వేలాడే గుడ్డలో ఉంది. చూరు కాలవలో ఆకులు తీస్తూ నిచ్చెన మీద నుంచి జారాడట, భుజం తొలిగిందట. నేనొచ్చిన పని చెప్పాక చాలాసేపు ఆలోచించాడు. ఇది మీ మతానికి సంబంధించిందా అన్నాడు. తెలీదు, నేనూ అదే అందరినీ అడుగుతున్నానన్నాను. ఎడమచేత్తో ప్రయత్నిస్తాను గానీ గుమ్మడికాయ బదులు నా వేలు తెగొచ్చు అన్నాడు. వద్దులెండి అని, భుజం తగ్గడానికి పసుపు పాలు తాగమని చెప్పి వచ్చేశాను.

అప్పటికి పన్నెండైంది. రెండింటికి పిల్లలొస్తారు. వంటింట్లో నాలుగు గుమ్మడికాయలూ బల్ల మీద వరసగా ఉన్నాయి. అత్తయ్య వాటికెదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. నాకు ఓపిక అయిపోయింది.

“పక్కింటాయనకి భుజం తొలిగింది. మన ఇంట్లో మగపురుగు లేదు. ఆ పిల్లలు ఇంకో రెండు గంటల్లో వస్తారు. ఇప్పుడేం చెయ్యమంటారు చెప్పండి” అన్నాను కొంచెం గట్టిగానే. నాకింకా ఉక్రోషం ఆగలేదు. “నేనెవరి దగ్గరా ఏమీ దాచలేదుగా, ఊరంతా అడిగొచ్చాను. ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఉలిక్కిపడేవాళ్ళే. అసలేమిటీ భయం?”

ఆవిడ తలెత్తింది.

“ఊరంతా అడిగావు. నన్నడిగావా?”

కారు దగ్గర అడిగానుగా అనబోయాను. అది అడగడం కాదని నాకే తెలిసింది. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను.

“మీ ఆయన పుట్టకముందు” అంది. “నాకు ఏడో నెల. మీ మామయ్య టీచరు కదా, ఎలక్షన్ డ్యూటీ పడి వెళ్ళారు. ఇంట్లో గుమ్మడికాయ ఒకటి మచ్చ పడుతోంది. పాడైపోతే పారెయ్యాలి. నాకేమో పులుసు తినాలనిపించింది. ఆయనొచ్చేదాకా ఆగలేక నేనే కత్తిపీట వేసుకుని కోశాను. రెండ్రోజులకి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఇంతే ఉంది.” అరచెయ్యి చాపి చూపించింది. “రెండు రోజులుంది.”

నా కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

“ఎవరూ ఏమీ అనలేదమ్మా. అబద్ధం చెప్పకూడదు. మా అత్తగారు మాత్రం పొయ్యి దగ్గర మిగిలిన ముక్కలు చూసి, ‘గుమ్మడికాయ ఎవరు కోశారూ’ అనడిగారు. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు. ఇప్పుడు నువ్వన్నావే, భుజాలు తడుముకోడం. నలభై మూడేళ్ళ నుంచీ తడుముకుంటూనే ఉన్నాను.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సామెత నా నోట్లోంచి అప్పుడే రావాలా? ఆవిడ చెయ్యి పట్టుకుని, “అత్తయ్యా, గుమ్మడికాయకీ దానికీ సంబంధం లేదు” అన్నాను.

“నాకు తెలీదూ? టీచరు పెళ్ళాన్ని. మీ మామయ్య ఎన్నోసార్లు చెప్పారు, డాక్టరమ్మ కూడా చెప్పింది. తెలిసినా చెయ్యి రాదు. నేను కోసినందుకు పోయిందో లేదో ఆ దేవుడికి తెలుసు. ఇప్పుడీ పిల్ల చేత కోయించి, దానికేదైనా అయితే?” కళ్ళు తుడుచుకుని, “వాడికి తెలీదు ఇదంతా. చెప్పకు” అంది.

చెప్పనన్నాను. పిల్లల తల్లులకి మెసేజ్ పెట్టేస్తానని కూడా అన్నాను, గుమ్మడికాయలకి రంగులే వేద్దామని. నిజంగానే ఫోను తీశాను. ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళింది. నేను మెసేజ్ సగం టైప్ చేసి, పైన గదిలోంచి అమ్మాయి కుర్చీ జరిపే చప్పుడు వినిపించి, పంపకుండా అలాగే కూర్చున్నాను.

రెండింటికి ముగ్గురూ వచ్చేశారు. ఒకమ్మాయి ఒక చెవికి గబ్బిలం బొమ్మ పెట్టుకుంది. వాళ్ళని దింపి తల్లులు వెళ్ళిపోయారు. మా అమ్మాయి వాళ్ళని వంటింట్లోకి తీసుకొచ్చి, గుమ్మడికాయల ముందు నిలబడి, నా మొహంలోకి చూసింది. కొయ్యొచ్చో లేదో నేనింకా చెప్పలేదు. రంగుల డబ్బా వైపు చెయ్యి చాపాను.

అప్పుడు అత్తయ్య గదిలోంచి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. “అమ్మాయ్, పసుపూ కుంకుమా పట్రా” అంది. తెచ్చాను. నాలుగింటికీ బొట్లు పెట్టమంది. నేను పెడుతుంటే గబ్బిలం అమ్మాయి తనకీ కావాలంది, దాంతో ముగ్గురికీ మా అమ్మాయి పెట్టింది. అత్తయ్య సొరుగు తెరిచి నా పెద్ద కూరల కత్తి తీసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించింది. పక్కనున్న నాకే వినబడింది.

“ఏదైనా ఉంటే నాకే తగలనీ తల్లీ. పిల్లల జోలికి రాకు.”

మొదటి కాయ తొడిమ పక్కన కత్తి మొన ఆన్చి, రెండో అరచేత్తో వెనక నుంచి కొట్టింది. టప్‌మని దిగింది. ఆవిడ ఆగలేదు. రెండోది. మూడోది. నాలుగోది మా అమ్మాయిది, అందరికంటే పెద్దది. దానికి కొంచెం ఎక్కువ సేపు పట్టింది. అయ్యాక కత్తి పక్కన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, పిల్లల చిన్న రంపం కత్తి మా అమ్మాయి చేతికిచ్చింది.

“ఇంక కోసుకో” అంది.

“ఓకేనా నానమ్మా? నిజంగా?”

“ఓకే.”

గబ్బిలం అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, మీ గ్రాండ్‌మా ఇప్పుడేం చేసింది అని. మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, నానమ్మ ముందు కోస్తుంది, అప్పుడు మాకేం కాదు అని ఇంగ్లీషులోనే చెప్పి, గుమ్మడికాయలోకి చెయ్యి పెట్టి గుజ్జు లాగింది. దానికెవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు. మేము మాట్లాడుకున్నప్పుడు మెట్ల మీద ఉందేమో.

ఆ మధ్యాహ్నం మా వంటింటి గోడలకి కూడా గుమ్మడి పీచు అంటుకుంది. పిల్లలు తీసి పడేసిన గింజలన్నీ అత్తయ్య ఏరి, కడిగి, ఆరబెట్టి, మూకుట్లో వేయించి ఉప్పూ కారం చల్లింది. గబ్బిలం అమ్మాయి నాలుగు గింజలు నోట్లో వేసుకుని, మూడు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ గిన్నె దగ్గరికే వచ్చింది. వెళ్ళేటప్పుడు జిప్ కవర్లో కట్టించుకుని మరీ వెళ్ళింది. సోమవారం స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి, నేను అడక్కుండానే, “లంచ్‌లో సీట్ చాల్లేదు, నలుగురం ఇరుక్కున్నాం” అని చెప్పి పైకి పరుగెత్తింది. నేను సింక్ దగ్గర నిలబడి హాయిగా ఏడ్చాను.

కానీ ఆ వారం నాకూ అత్తయ్యకీ నిద్ర సరిగ్గా లేదు. ఆవిడ రోజుకి పదిసార్లు అమ్మాయి నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. బుధవారం అది రెండుసార్లు దగ్గింది. ఇక్కడ అక్టోబరులో దగ్గని పిల్లలుండరు. అయినా అత్తయ్య రాత్రంతా దాని మంచం పక్కనే కుర్చీ వేసుకుంది. నేను నవ్వుకోలేదు. కోడ్ రాసి బతికేదాన్ని, గుమ్మడికాయకీ దానికీ సంబంధం లేదని పెద్ద గొంతుతో చెప్పినదాన్ని, మూడుసార్లు లేచి వెళ్ళి థర్మామీటర్ పెట్టి చూశాను. గురువారానికి దగ్గు పోయింది. శుక్రవారం హాలోవీన్. నలుగురు పిల్లలూ మంత్రగత్తెల టోపీలు పెట్టుకుని వీధంతా తిరిగొచ్చారు. అత్తయ్య గుమ్మం ముందు కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చాక్లెట్లు పంచింది. కొంచెం చిన్నపిల్లలకి రెండేసి ఇచ్చింది.

మర్నాడు శనివారం. టోపీ ఆవిడ చెప్పినట్టే గుమ్మం ముందు గుమ్మడికాయలు బోసినోటి ముసలివాళ్ళలా కూలబడ్డాయి. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందు. నేను చింతపండు నానబెడుతున్నాను. అత్తయ్య వంటింటి నేల మీద పాత పేపరు పరిచి, తినే గుమ్మడికాయని దాని మీద పెట్టుకుని, కత్తి పట్టుకుని చతికిలబడింది.

“అమ్మా, ఆగాగు, నేను పెడతా గాటు” అంటూ మా ఆయన లేచి వచ్చాడు. ఆ నియమం తనకి గుర్తుంది.

“నువ్వు కూర్చోరా” అంది.

కత్తి మొన దింపింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు, పెదాలు కదపలేదు. చారల వెంబడి చీల్చి, రెండు చెక్కలు చేసింది. లోపల పసుపుపచ్చగా, గట్టిగా ఉంది. అచ్చం ఆవిడ చెప్పినట్టే మన గుమ్మడికాయ. మా ఆయన ఏమీ అర్థంకాక ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఆవిడ ముక్కలు తరుగుతూ, తలెత్తకుండా, మామూలుగా కూరకెంత ఉప్పో చెబుతున్నట్టుగా అంది.

“నీకంటే ముందు ఒక అక్క ఉండాల్సిందిరా నీకు.”

నేను స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని, గుమ్మం ముందుకి వెళ్ళి తలుపు వేశాను. పుట్టి బుద్ధెరిగాక ఒక మాట మొదలయ్యాక పూర్తిగా వినకుండా నేను లేచి రావడం అదే మొదటిసారి. కూలబడ్డ గుమ్మడికాయలు నాలుగూ ఒక్కొక్కటిగా తీసి పెరటి ఎరువు డబ్బాలో వేశాను. మెట్ల మీది మైనం మరకలు గీకాను. చెయ్యడానికి ఇంకేమీ లేకపోతే, ఊడ్చిన ఆకులే మళ్ళీ ఊడ్చాను.

చాలాసేపటికి మా ఆయన తలుపు తీశాడు. “పులుసైంది. అమ్మ అన్నానికి రమ్మంటోంది” అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఏమైందని నేను అడగలేదు.